సంతపేట అంగడిలో జాజ్ ప్లేట్లు: ఏవి తీసుకోవచ్చు, ఏవి వదిలేయాలి

నెల్లూరు సంతపేటలో ఇత్తడి సామాన్లు, గోడ గడియారాలు, వాల్వు రేడియోలు అమ్మే పాత సామాన్ల అంగడి ఒకటుంది. దాని వెనకగదిలో గ్రామఫోన్ ప్లేట్లకని నాలుగు చెక్క అరలు పెట్టారు. మూడింటి నిండా సినిమా పాటలు, నాటకం పద్యాలు, హరికథలు. అడుగు అర మాత్రం ఇంగ్లీషు ప్లేట్లది. అమెరికా నల్లజాతివాళ్ళ దగ్గర పుట్టిన జాజ్ సంగీతం ప్లేట్లు సేకరించేవాళ్ళు మద్రాసు రైలెక్కే ముందు ఈ అర ఒకసారి తిరగేయాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు (78లు) ఇక్కడ న్యాయమైన ధరకి దొరుకుతాయి. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ ప్లేట్లు ఎల్పీలకు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చెబుతున్నారు. గ్రామఫోన్ రిపేరు పని చాలా బాగుంది. పుస్తకాలు పది పన్నెండుకి మించవు, కానీ అందులో ఒకటి ఆ అరలో ఏముందో తేల్చిచెప్పగల పుస్తకం.

సరుకు ఎక్కువగా పాత ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు వచ్చినదే. కొంత మద్రాసు నుంచి, కొంత బిట్రగుంట వైపు నుంచి వచ్చిందని అంగడాయన చెబుతారు. అది నమ్మదగ్గ మాటే. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట పెద్ద రైల్వే ఊరు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కాపురముండేవి, వాళ్ళ ఇళ్ళలో డాన్సు ప్లేట్లు ఉండేవి. అందుకే ఈ అరలో ముప్పావు వంతు డాన్సు సంగీతం. అసలు జాజ్ పావు వంతు.

ఆ పావు వంతును వేరుచేయడంలో చాలామంది పొరపడేది ఒకచోట. లేబులు మీద పాట పేరు కింద ‘ఫాక్స్‌ట్రాట్’ అని ఒక డాన్సు పేరు చూసి, ఇది డాన్సు ప్లేటులే అని పక్కన పెట్టేస్తారు. ఆ రోజుల్లో కంపెనీలు జాజ్ దిగ్గజాలైన ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లేటు మీదా, ఎలింగ్టన్ ప్లేటు మీదా కూడా అదే మాట వేసేవి. చూడాల్సింది బృందం పేరు. కుక్క బొమ్మ హెచ్‌ఎంవీ, కొలంబియా, పార్లోఫోన్, ఈ మూడు లేబుళ్ళు ఇక్కడ ఎక్కువ. వీటిలో పార్లోఫోన్ కట్టని ఓపిగ్గా చూడండి. అమెరికాలో ‘ఓకే’ (OKeh) అనే కంపెనీ చేసిన రికార్డింగులు ఇంగ్లండు వైపు పార్లోఫోన్ పేరుతో వచ్చాయి. లేబులు మీద ‘రిథమ్ స్టైల్’ అని కనిపిస్తే ఆ ప్లేటు బయటికి తీయాల్సిందే.

ఇంకో సంగతి. 78 అనగానే 1940కి ముందుదని అనుకోవద్దు. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఫ్యాక్టరీలో 1960ల్లో కూడా లక్క ప్లేట్లు అచ్చయ్యాయి. బీటిల్స్ పాటలు కూడా మన దేశంలో 78ల మీద వచ్చాయి. కాబట్టి మిగతా దేశాలు లక్క మానేశాక వచ్చిన ప్లేట్లు కూడా ఈ అరలో ఉండొచ్చు.

కొలంబియా కట్టలో టెడ్డీ వెదర్‌ఫర్డ్ పేరు కనిపిస్తే ధర దగ్గర బేరం ఆడకండి. ఆయన 1903లో అమెరికాలో పుట్టారు. షికాగోలో ఎర్‌స్కిన్ టేట్ బృందంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నప్పుడు పియానో వాయించారు. తర్వాత షాంఘై మీదుగా తూర్పు దేశాలన్నీ తిరిగి కలకత్తా చేరి, గ్రాండ్ హోటల్లో బృందం నడిపి, 1945లో అక్కడే కలరాతో పోయారు. ఆయన బృందం ప్లేట్లు కలకత్తాలో రికార్డు చేసినవి. వాటి కోసం బయటి దేశాల సేకర్తలు వెతుకుతుంటారు. అలాగే గోవా ట్రంపెటర్ చిక్ చాకొలెట్. సి. రామచంద్ర సంగీతం కట్టిన హిందీ సినిమా ‘అల్బేలా’ పాటల్లో ఆ ట్రంపెట్ విన్నవాళ్ళకి ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. ఈ ఇద్దరి ప్లేట్లకీ ఈ అంగడిలో వేరే ధర లేదు. ఏ లక్క ప్లేటైనా 150 నుంచి 400 రూపాయలు, అది కూడా పైకి కనిపించే మెరుపుని బట్టి.

ఆ మెరుపు దగ్గరే జాగ్రత్త. అమ్మకానికి పెట్టే ముందు అంగడి కుర్రాడు ప్లేటుకి కొబ్బరినూనె చుక్క రాసి గుడ్డతో తుడుస్తున్నాడు. నల్లగా నిగనిగలాడుతుంది, కానీ ముల్లు నడిచే గాడి అరిగిందో లేదో కనిపించకుండా పోతుంది. పైగా ఆ జిడ్డుకి దుమ్ము అతుక్కుని ముద్దవుతుంది. “నూనె పెట్టనివి చూపించన్నా” అని అడిగితే లోపల్నుంచి దుమ్ముతో ఉన్న కట్ట తెచ్చి ముందు పెడతారు. దుమ్ము ప్లేటే నమ్మకమైనది. తుడవడానికి పొడి మెత్తటి బ్రష్షు, చూడటానికి చిన్న టార్చి చేతిలో ఉంటే చాలు.

టార్చి పైనుంచి కాదు, పక్కనుంచి వాలుగా వేయాలి. బాగున్న ప్లేటు గాళ్ళు అంచునుంచి మధ్యదాకా ఒకే నలుపుతో మెరుస్తాయి. అరిగినదానిలో అక్కడక్కడ బూడిదరంగు పట్టీలు కనిపిస్తాయి. పాటలో బృందమంతా ఒక్కసారి గట్టిగా అందుకునే చోట్లే ఆ పట్టీలు ఉంటాయి, ఎందుకంటే అక్కడ గాడి ఎక్కువ ఊగుతుంది, బరువైన సౌండ్‌బాక్సు (గ్రామఫోన్‌లో ముల్లు బిగించే, పాట పలికించే డబ్బా) ముల్లు ఆ గోడల్నే ముందు కొరుకుతుంది. గోరుకి తగలని పైపై గీతలకి భయపడక్కర్లేదు. చూడ్డానికి గీతలే లేకుండా బూడిదగా ఉన్న ప్లేటుకంటే, గీతలున్నా గాడి నల్లగా ఉన్న ప్లేటు వందరెట్లు మేలు. అడ్డంగా పోయిన లోతు గీత అయితే ప్రతి చుట్టుకీ ఒక టిక్కు వినిపిస్తుంది, నిమిషానికి 78 టిక్కులు.

తర్వాత పగుళ్ళు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. మధ్యచిల్లులో చూపుడువేలు దూర్చి ప్లేటుని వేలాడదీసి, అంచు దగ్గర వేలి కణుపుతో మెల్లగా తట్టాలి. గట్టిగా ఉన్న ప్లేటు గలగలమని మోగుతుంది. వెంట్రుకవాసి నెర్రె ఉన్నది బొంగురుగా, జీరగా పలుకుతుంది. నెర్రె కళ్ళకి కనిపించకపోయినా చెవికి దొరుకుతుంది. అంచు పెచ్చు లేచినా గాడి మొదలయ్యే చోటుకి రాకపోతే తీసుకోవచ్చు. సముద్రం దగ్గరి ఊరు కాబట్టి తుఫాను చెమ్మకి పట్టిన బూజు మచ్చలు కూడా చూడాలి. బ్రష్షుతో రుద్దితే పోయేది పైబూజు. కింద చిన్న గుంటలు మిగిలితే అది లక్కని తినేసినట్టు, ఆ చిటపట ఎన్నిసార్లు కడిగినా పోదు.

వేసి వినిపించమంటే అంగడాయన ఏనాడూ కాదనరు. ఇది ఈ అంగడికి పెద్ద గుణం. అయితే వినేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్ళ టర్న్‌టేబుల్‌కి 78 స్పీడు ఉంది గానీ దానికి బిగించింది ఎల్పీ ముల్లు. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది, 78 గాడికి కావలసింది 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్), అంటే సుమారు 76 మైక్రాన్లు. సన్నముల్లు గోడలకి ఆనకుండా గాడి అడుగున, మురికి పేరుకున్న చోట ఈడ్చుకుపోతుంది. అందుకే మంచి ప్లేటు కూడా అక్కడ గరగరమంటుంది. ఆ గరగర విని ప్లేటుని వదిలేయొద్దు. పాట సాగుతుందా, ముల్లు ఎగురుతుందా, మధ్యచిల్లు పక్కకి జరిగి సుతి ఊగుతోందా, ఈ మూడు చూసుకుంటే చాలు. మిగతాది టార్చి చెప్పినదాన్ని నమ్మండి. టర్న్‌టేబుల్‌కి పట్టే 78 స్టైలస్ (ముల్లు) సొంతంగా ఉన్నవాళ్ళు పట్టుకెళ్ళినా వాళ్ళు అభ్యంతరం పెట్టరు. ముల్లు మీద 3 నుంచి 4 గ్రాముల బరువు పెట్టుకోవాలి.

స్పీడు కూడా కొంచెం ఎక్కువే తిరుగుతోంది. స్ట్రోబ్ అట్ట వేసి చూసుకోవచ్చు. అది గీతలున్న గుండ్రటి అట్ట, స్పీడు సరిగ్గా ఉంటే దీపం వెలుగులో గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. మన 50 సైకిళ్ళ కరెంటుకి 78కి 77 గీతలు, ఎల్పీకి 180 గీతలు ఉన్న అట్ట కావాలి. అమెరికా అట్టలు 60 సైకిళ్ళవి, ఇక్కడ తప్పు చూపిస్తాయి. ఎల్‌ఈడీ బల్బు కింద గీతలు సరిగ్గా నిలబడవు. పాత చోకు ట్యూబులైటు కింద పెట్టాలి, వెనకగదిలో అది ఒకటి ఇంకా వెలుగుతోంది.

ఎల్పీల సంగతికొస్తే, అట్ట మీద విదేశీ అడ్రసు ఉంటే చాలు, ‘ఒరిజినల్’ అని చీటీ అంటించి 2500 పైనే చెబుతున్నారు. జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ ఆల్బం ‘కైండ్ ఆఫ్ బ్లూ’కి 1959 ఒరిజినల్ అని రాసిన చీటీ ఉంది. ఆ ఆల్బం 1959 ఆగస్టులో వచ్చిన మాట నిజమే. అప్పటి కొలంబియా లేబులు మీద కళ్ళలాంటి గుర్తులు ఆరు ఉంటాయి, మోనో నంబరు సీఎల్ 1355, స్టీరియో నంబరు సీఎస్ 8163. చీటీ అంటించిన కాపీ లేబులు ఎర్రగా ఉండి, అంచు చుట్టూ బంగారు అక్షరాలతో కొలంబియా అని తిరిగి తిరిగి రాసి ఉంది. ఆ లేబులు 1970లో మొదలైంది. వినడానికి ఏ లోటూ లేదు, 700 అయితే తీసుకోవచ్చు. 1959 పేరు చెప్పి అడిగే ధర మాత్రం ఇవ్వొద్దు. ఇంకో విషయం, అసలు రికార్డింగు (మాస్టరు) టేపు యంత్రం స్పీడు తేడా వల్ల మొదటి వైపు పాటలు అసలు సుతికంటే కాస్త పైకి వినిపిస్తాయి. 1990ల దాకా వచ్చిన కాపీలన్నిటిలో అదే తీరు. వాయిద్యం పట్టుకుని ప్లేటుతో పాటు వాయించేవాళ్ళు అంగడి టర్న్‌టేబుల్‌ని తప్పుపట్టే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

బ్లూ నోట్ అనే అమెరికా జాజ్ కంపెనీ ఎల్పీలకి ఒక చిట్కా. పాటలయిపోయాక లేబులు చుట్టూ మిగిలే ఖాళీ నలుపులో చెవి ఆకారంలో చిన్న గుర్తు గీసి ఉందేమో చూడండి. అది ఆ ప్లేట్లు అచ్చేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ గుర్తు, బ్లూ నోట్ లిబర్టీ అనే కంపెనీ చేతికి పోయాక 1966 నుంచి అది ఉండదు. అట్ట ఎంత పాతగా ఉన్నా చెవి లేకపోతే తొలి అచ్చు అని చెప్పే ధరకి ఒప్పుకోవద్దు. ఈ అరలో ఉన్న మూడు బ్లూ నోట్‌లలో దేనికీ చెవి లేదు.

ఇంటికి తెచ్చుకున్నాక కడగడం. ఇక్కడ తప్పు చేస్తే తిరిగిరాదు. లక్క ప్లేటుకి స్పిరిట్ తగలనివ్వకూడదు, అందులో లక్క కరిగిపోతుంది. ఎల్పీలు శుభ్రం చేసే సీసాల్లో ఆల్కహాల్ ఉంటుంది, అవి 78లకి వాడొద్దు. పెట్రోలు బంకుల్లో దొరికే బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు, వాసన, రంగు లేని గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. బోరు నీళ్ళు వద్దు, ఆరాక గాడిలో ఉప్పు పొర మిగులుతుంది. ప్లేటుని పాత టవలు మీద పరిచి, లేబులు తడవకుండా, మెత్తటి బ్రష్షుతో గాళ్ళ వెంట గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా కాదు. నూనె పూసిన ప్లేటుకి రెండుసార్లు చేయాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. నానబెట్టకూడదు. కొన్ని కొలంబియా ప్లేట్ల మధ్యలో కాగితం పొర ఉంటుంది, నెర్రెలోంచి నీళ్ళు దిగితే అది ఉబ్బి ప్లేటు పొరలు విడిపోతుంది.

రిపేరు మేస్త్రీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఆ పని అంత బాగుంది. హెచ్‌ఎంవీ 101, 102 పెట్టె గ్రామఫోన్లు ఎక్కువగా వస్తుంటాయి. 101కి వచ్చే 4వ నంబరు సౌండ్‌బాక్సులో పలికేది అభ్రకం బిళ్ళ. గూడూరు, సైదాపురం అభ్రకం గనులు దగ్గరున్న ఊళ్ళో అభ్రకానికి కరువా? బిళ్ళ పొర లేచినా, బీట వారినా మేస్త్రీ కొత్త రేకు చీల్చి, కొలతకి కత్తిరించి వేస్తున్నారు. రేకు ఎక్కడా మచ్చ, బుడగ లేకుండా ఒకే మందంలో ఉండాలి, మందమైతే పైస్వరాలు చచ్చిపోతాయి.

నిజానికి చాలా సౌండ్‌బాక్సులకి బిళ్ళ పోదు, బిళ్ళకి రెండు పక్కలా ఉండే రబ్బరు గొట్టం రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు గొంతు చిరిగినట్టు, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఆ రబ్బరు మార్చడంలో మేస్త్రీ చేసే వరస చూడదగ్గది. వెనక మూత మరలు విప్పి, బిళ్ళ నడుమ ముల్లుకడ్డీని పట్టుకునే బుల్లి మర మీది మైనం చుక్కని వేడి సూదితో కరిగించి తీస్తారు. పాత రబ్బరు పొడిగా రాలుతుంది. కొత్త గొట్టం రెండు కొనలు సరిగ్గా కలిసేలా కోసి పొదుగుతారు. సందు మిగిలితే గాలి పోయి మంద్రం తగ్గిపోతుంది. ముల్లుకడ్డీ స్ప్రింగులు సర్దేటప్పుడు, మర బిగించక ముందే కడ్డీ కొన బిళ్ళ నడిమధ్యకి తనంతట తాను ఆనాలి. బిళ్ళని లాగకూడదు, నెట్టకూడదు. అలా కుదిరాకే మర, దానిపైన తేనెమైనం చుక్క. చివర్లో ముల్లు కొనని గోటితో తాకితే డోలు మీద వేలు పడ్డట్టు పలకాలి. ఇదంతా 900 రూపాయలకి చేస్తున్నారు. ఒక్క షరతు పెట్టండి. అడగకపోతే సైకిల్ వాల్వు ట్యూబు వేస్తారు, అది మన ఎండలకి త్వరగా బిరుసెక్కుతుంది. మెత్తటి సిలికాన్ గొట్టం మనమే తెచ్చిస్తే అదే వేస్తారు.

తిప్పేటప్పుడు పెట్టెలోంచి టప్పుమని చప్పుడొస్తే స్ప్రింగు తెగిందని భయపడొద్దు. లోపలి గ్రీజు ఎండి చుట్లు అతుక్కుని ఒక్కసారిగా జారడం వల్ల వచ్చే చప్పుడది. విప్పి కిరసనాయిలుతో కడిగి గ్రాఫైటు గ్రీజు వేస్తే పోతుంది. స్టీలు ముల్లు ఒక వైపుకి ఒకటే. లక్కలో కలిపిన రాతిపొడి మొనని గాడి ఆకారానికి అరగదీస్తుంది, అదే ముల్లు రెండో ప్లేటుకి పెడితే ఆ అరిగిన అంచు ఉలిలా చెక్కుతుంది. సౌండ్‌బాక్సు బరువు వంద గ్రాములు దాటుతుంది. ఎల్పీని గ్రామఫోన్ మీద ఒక్కసారి పెట్టినా దాని పని అయిపోయినట్టే.

ఇక ఆ పుస్తకం. బ్రయన్ రస్ట్ కూర్చిన ‘జాజ్ రికార్డ్స్’, 1897 నుంచి 1942 దాకా, రెండు సంపుటాలు. అమ్మరు, బల్ల మీద పెట్టి చూసుకోనిస్తారు. అది చాలు. బృందం పేరు అకారాది వరసలో ఉంటుంది. దాని కింద ఎవరు ఏ వాయిద్యం వాయించారు, ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఆ పైన మ్యాట్రిక్స్ నంబరు (రికార్డు చేసినప్పుడు మాస్టరుకి వేసే నంబరు), పాట, ఏయే కంపెనీ నంబర్లతో అచ్చయిందో. ఇందులో మనకి పనికొచ్చేది మ్యాట్రిక్స్ నంబరు. లేబులు, ప్లేటు నంబరు దేశదేశానికీ మారతాయి, మాస్టరు నుంచి వచ్చిన మ్యాట్రిక్స్ నంబరు మాత్రం ప్లేటులోనే ఉంటుంది. లేబులు మీదో, చుట్టూ ఉన్న నలుపులోనో టార్చి వేసి వెతకాలి. ఉదాహరణకి ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ షికాగోలో 1928 జూన్ 28న రికార్డు చేసింది, ఓకే నంబరు 8597, మ్యాట్రిక్స్ 400967. పార్లోఫోన్ ప్లేటు మీద ఈ 400967 కనిపిస్తే అది ఆ రోజు వాయించినదే, తర్వాత మళ్ళీ వాయించింది కాదు. నంబరు చివరి అక్షరం ఎన్నో టేకో, అంటే ఆ పాట ఎన్నోసారి వాయించినదో చెబుతుంది. ఎల్పీలకి ఈ పుస్తకంతో పని లేదు, 1942 దగ్గర ఆగిపోతుంది.

అమ్మకానికున్న మిగతా జాజ్ పుస్తకాలు 200 లోపే, కొన్నిటి మీద లైబ్రరీ ముద్రలున్నాయి. ఫొటో పేజీలు కోసుకుపోయారేమో లెక్కపెట్టుకోండి. కుట్టు దగ్గర సన్నటి పొడి రాలితే పురుగుంది. అలాంటిది తెస్తే ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రిజ్‌లో ఉంచి, తీశాక కవరు విప్పకుండా ఒక రోజు బయట ఆరనిచ్చి, ఆ తర్వాతే మిగతా పుస్తకాల్లో కలపాలి.

ప్యాకింగు ఇక్కడ బలహీనం. పాత పేపరు చుట్టి గోనెసంచిలో వేసిస్తారు. ఒంగోలు, కావలి వైపు బస్సులో పోయేవాళ్ళు ప్లేటు కంటే అంగుళం పెద్దవిగా రెండు ప్లైవుడ్ ముక్కలు, నాలుగు రబ్బరు బెల్టులు తీసుకెళ్ళండి. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య అట్టముక్క పెట్టి, కట్టని నిలువుగా ఒళ్ళో పెట్టుకోవాలి. పదంగుళాల లక్క ప్లేట్లు పది కలిస్తే రెండు కిలోలు దాటుతాయి, పడుకోబెట్టి పైన బ్యాగు పెడితే కిందిది నడిమికి విరుగుతుంది. ఎండాకాలంలో ఎల్పీలు కారు వెనక అద్దం దగ్గర పెట్టొద్దు, రోహిణి కార్తెలో అరగంటకే అప్పడంలా వంకర తిరుగుతాయి.

అంగడి పొద్దున పదిన్నరకి తెరుస్తారు. మధ్యాహ్నం రెండు గంటలు మూత. మేస్త్రీ మంగళ, శుక్రవారాల్లోనే ఉంటారు. కొత్త కట్ట వస్తే ముందు నూనె గుడ్డ తగలకుండా పక్కన పెట్టమని అంగడాయనకి చెప్పి రండి, చెప్పినవాళ్ళకి అలాగే పెడుతున్నారు.